తైలం తగ్గలేదు, తొట్టి ఉబ్బింది

సన్యాసమ్మ తైలం దొంగిలించలేదు. అయినా సంతలో పదిమంది ముందు దొంగ అన్నారు, తాళంచెవి లాక్కున్నారు.

కిందటేడు మాట. హుకుంపేట దగ్గర ఒక కొండ ఊళ్లో ఆడవాళ్ల సంఘం నిమ్మగడ్డి తైలం తీస్తుంది. వాళ్ల ప్లాస్టిక్ తొట్టి బిగించింది నేనే. ఈ మన్యంలో పంపులు, తొట్లు బిగిస్తూనే ముసలాణ్ణయ్యాను. చదువంటారా, పాత సామాన్ల కొట్లో దొరికిన పుస్తకాలే.

తొట్టికి కాపలా సన్యాసమ్మ. నిండిన రోజున తైలం మట్టానికి గీత పెట్టారు. రెండు నెలలకి మట్టం గీత కంటే నాలుగు వేళ్లు దిగింది.

"గాలికి పోయిందా ఏటి? తాళం నీ సేతిలోనే ఉంది గదా!" అన్నాడు సంతలో, సంఘం లెక్కలు చూసే రమణ.

"సుక్క తీత్తే నా సెయ్యి పడిపోద్ది బాబూ," అందామె.

తోడి కొలవచ్చు కదా అంటారు. కొత్తల పండుగ కాకుండా వాళ్లు కొత్త పంట ముట్టరు. తైలానికీ అదే కట్టుబాటు. కుళాయి తిప్పే వీల్లేదు. పండుగ దాకా ఆమె దొంగగానే ఉండాలన్నమాట.

నేను వెళ్లి చూశాను. ఎండకని తొట్టికి నేను కుట్టించిన గుడ్డ తొడుగు తాళ్లు ఇప్పుడు ముడిపడటం లేదు. తొట్టి నడుం పెరిగింది.

"తొట్టి ఉబ్బలేదు తాతా, నీ తొడుగే వానకి ముడుసుకుపోనాది," అని నవ్వాడు రమణ.

తొట్టి ఇలా ఉబ్బడాన్ని క్రీప్ అంటారు. మోసే బరువు మారకపోయినా ప్లాస్టిక్ నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. తైలంలాంటిది లోపలికి ఇంకితే సాగుడు జోరందుకుంటుంది. తొట్టి వెడల్పయితే మట్టం దిగదా మరి? అమ్మినవాళ్లు నీళ్లు నింపి, ఫొటో తీసుకుని, ఏళ్ల తరబడి ఢోకా లేదన్నారు. నీళ్లతో పరీక్షించి తైలానికి మాటిస్తారా!

బిగించేటప్పుడు కుళాయి కంత కోసం తొట్టిలోంచి కోసిన ముక్క నా దగ్గరే ఉంది, దాన్ని రెండు సన్నటి పట్టీలు చేశాను. ఒకటి నీళ్లలో, ఒకటి అంతకు ముందేటి పాత తైలంలో, ఒకే బరువు రాళ్లు కట్టి వేలాడదీశాను. పండుగ నాటికి తైలంలోది సాగి రాయి అడుక్కి తగిలింది. నీళ్లలోది దాదాపు ఉన్నచోటే ఉంది.

పండుగ మర్నాడు, తొట్టి నింపేటప్పుడు పోసిన డబ్బాలతోనే తిరిగి కొలిచాం. అన్నీ నిండాయి. ఆఖరి దాంట్లో మాత్రం కాస్త వెలితి, అది ప్లాస్టిక్ తాగింది.

అప్పట్నుంచి ఎవరు తొట్టి అడిగినా ముందు నేను రెండు అడుగుతాను: ఏం పోస్తారు, ఎన్నాళ్లుంచుతారు?

రమణ తాళంచెవి పట్టుకుని ఆమె గడపలోకి వచ్చాడు. "పొరపాటైపోనాది సన్యాసమ్మా, ఇంద."

ఆమె చెయ్యి చాచలేదు. "తీసుకోవేమమ్మా?" అన్నాను. నా వైపు తిరిగి చెప్పింది:

"దొంగన్నది సంతలో గదా తాతా. తాళం కూడా సంతలోనే ఇమ్మనండి."