తెర మూలన విమానం

పంకజాక్షి తెల్లారి ఆరింటికల్లా తిరుచానూరు లాడ్జికి వస్తుంది. కౌంటర్ కుర్చీలో కూర్చోకముందే ల్యాప్‌టాప్ తెరిచి, తెర కింద కుడి మూలకు చూస్తుంది. అక్కడ విప్పిన విసనకర్రలా గీతలుంటే వైఫై బాగున్నట్టు. గీతల పక్కన ఆశ్చర్యార్థకం ఉంటే, వైఫై పెట్టె అందింది గాని నెట్ రావడం లేదని. గీతలు పోయి భూగోళం బొమ్మ వస్తే, ఏదీ అందలేదని. పదిహేనేళ్లు ఇదే లాడ్జిలో దుప్పట్లు ఉతికిన ఆమె ఈ మూడూ నోటుపుస్తకంలో గీసుకుని మరీ నేర్చుకుంది.

కౌంటర్ పని మొదట ఒక నెల చూద్దామని ఇచ్చారు. మేనేజర్ మోహన్ మొహం మీదే చెప్పాడు. "ఒక్క దినం బుకింగ్ నిలిచినా, మళ్లా దుప్పట్ల కాడికేమ్మా నువ్వు."

ఆయుధపూజ మరునాడు, ల్యాప్‌టాప్‌కు పెట్టిన బొట్లు తుడిచి చూస్తే, మూలన విమానం బొమ్మ ఉంది.

నోటుపుస్తకంలో అలాంటిది లేదు. వైఫై పెట్టె ఆపి మళ్లీ వేసింది. విమానం కదల్లేదు. కోలారు నుంచి వచ్చిన కుటుంబం ఎదురుగా సంచుల మీద కూర్చుని ఉంది. నెట్ లేనిదే గది ఇవ్వడానికి లేదు. మోహన్ ఏడింటికి వస్తాడు.

గదులు ఊడ్చే లోకేశ్వరి తొంగి చూసింది.

"రేణిగుంట ఏర్‌పోర్టులో దిగాల్సింది ఈడ దిగినట్టుండాదే అక్కా."

"నగబాకు మే. నిన్న ఇది లేదు."

"నిన్న పెండ్లికూతురికి పెట్టినట్టు మీట మీటకీ బొట్టు పెడితివి. ఇందాక దాన్ని తుడిసేదానికే నీకు అరగంట పట్టె."

పంకజాక్షి చెయ్యి ఆగింది. గుడ్డతో రుద్దేటప్పుడు వేలు ఎక్కడెక్కడ పడిందో. పై వరుస మీదికి వంగి ఒక్కో మీటనే చూసుకుంటూ పోయింది. అంచున ఇంకా ఎరుపు మిగిలిన ఒక మీట మీద అదే విమానం, చిన్నగా.

నొక్కింది. మూలన విమానం పోయి భూగోళం వచ్చింది. కాసేపటికి గీతలు విచ్చుకున్నాయి.

"ఆధార్ ఇయ్యన్నా" అంది కోలారు ఆయనతో.

మోహన్ వచ్చేసరికి ఆ కుటుంబం గదిలో స్నానాలు చేస్తోంది.

"అంతా సరిగ్గా ఉండాదా?"

"ఉండాది సార్" అంది, నోటుపుస్తకంలో నాలుగో బొమ్మకు రెక్క గీస్తూ.

ఇప్పుడు ఆయుధపూజకు బొట్టు ల్యాప్‌టాప్ మూత మీదే పెడుతుంది, ఒక్కటే. పంకజాక్షి ఆ కుర్చీలో కూర్చోవడం ఇది మూడో ఏడు.