మెమో వెనకవైపు

పీర్ మహమ్మద్ మెమో అంచు మీద స్టీలు స్కేలు ఆనించి బ్లేడు పెట్టాడు. ప్లాస్టిక్ తెగాలి, కాగితం తెగకూడదు. రెండింటికీ మధ్య బియ్యపు గింజంత జాగా ఉంది.

"చాచా, జర పైలం," అంది కోమల.

"నువ్వు ఊపిరి తీసుకో బిడ్డా. గట్ల బిగబట్టుకొని నిలబడితే నాకు బ్లేడు జారుతది."

దేవరకొండ బస్టాండు దగ్గర అతనిది జిరాక్సు దుకాణం. చదువు ఏడో తరగతితో ఆగింది. కంప్యూటర్, లామినేషన్ మిషన్ ఎవరూ నేర్పలేదు. చెడగొట్టి, బాగుచేసి నేర్చుకున్నాడు. ఎవరైనా మెమో తెస్తే వెనక గట్టి అట్ట పెట్టి, జారకుండా నాలుగు మూలలా గమ్ము చుక్క వేసి లామినేషన్ చేసేవాడు. కోమల పదో తరగతి మెమో కూడా అలాగే చేసిచ్చాడు.

ఇప్పుడు ఆమె గురుకులంలో ఇంటర్ చదువుతూ విదేశంలో పేరున్న యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టింది. ఫారంలో మార్కుల గడి ఉంది. మెమోలో ఉన్నది 9.2 జీపీఏ. శాతం కావాలంటే తొమ్మిదిన్నరతో గుణించాలని దుకాణం గోడకు చీటీ అంటించి ఉంది. నౌకరీ దరఖాస్తులన్నీ అతను ఆ లెక్కతోనే నింపుతాడు. ఇదీ అలాగే 87.4 అని కొట్టాడు.

పొద్దున యూనివర్సిటీ నుంచి జవాబొచ్చింది. ఆ అంకె మీ మెమోలో లేదు. బోర్డు ఇచ్చిన గ్రేడును మీరు మార్చకండి. గ్రేడుల పట్టిక కనబడేలా మెమో రెండు వైపులా సాయంత్రం ఆరులోపు పంపకపోతే దరఖాస్తు చూడం.

పట్టిక ఉన్నది మెమో వెనక. దాని మీద అట్ట.

పక్క సైకిల్ షాపు పరశురాం తొంగిచూశాడు. "మా కోడలి మెమో లామినేషన్ లేక ఉట్టిగనే ఉన్నది. దాని వెనక స్కాన్ తీసి పంపరాదుర బై? పట్టిక ఒక్కటే గద!"

"లేని అంకె కొట్టి పిల్లను గీడిదాక తెచ్చిన. మళ్ల ఇంకోటి చెయ్యమంటవా?"

"గంత గట్టిగ ఎవడు అతికియ్యమన్నడు మరి?"

"నేనే. ఇగ నువ్వు పో, వెలుతురుకు అడ్డమున్నవ్."

నాలుగు వైపులా ప్లాస్టిక్ తెగింది. అట్ట మధ్యలో లేచింది కానీ మూలల దగ్గర ఆగింది. కింది ఎడమ మూల గమ్ము పట్టిక చివరి వరుసను ఆనుకునే ఉంది. లాగితే అక్షరాలు ఊడొస్తాయి. కొత్త మెమోకు నెల పడుతుంది. కోమల గోడ గడియారం చూసింది. నాలుగున్నర.

అతను బ్లేడును మెమో వైపు కాకుండా అట్ట వైపు వాల్చాడు. అట్ట పొరలుగా చీలింది. మూలన గోరంత అట్టముక్క మెమోకే అంటుకుని మిగిలింది. పట్టిక చెక్కుచెదరలేదు.

"గా ముక్క గూడ తీస్తవా చాచా?"

"తియ్య. అక్షరం మీద లేదు గద, ఉండనీ."

మిగతా మూలలూ అలాగే విడదీశాడు. ఫారంలో 87.4 తీసేసి, పదికి 9.2 అని పెట్టాడు. రెండు వైపులా స్కాన్ చేశాడు. చివరి వరుస సరిగ్గా కనబడుతోందో లేదో కోమలతో చదివించాడు. అయిదుం పావుకు ఆమె పంపింది. అందిందని జవాబొచ్చింది.

"మళ్ల అట్ట పెట్టి లామినేషన్ చెయ్యవా?"

"వద్దు బిడ్డా. రెండు దిక్కుల కనబడాలె."

మెమోను అద్దంలా కనబడే ప్లాస్టిక్ కవరులోకి జార్చి, మూత మడిచి, ఆమె చేతికిచ్చాడు.