ఫెయిర్ కాపీ

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో, గుండెజబ్బు మాత్రలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో లీగల్, కంప్లయన్స్ పనులకు, అంటే ప్రభుత్వ నిబంధనలు పాటించేలా చూడడానికి, నేనే పెద్దను. పెద్దంటే మరేం లేదు, ఎవరు తప్పు చేసినా తెగేది నా మెడే. ఒక సోమవారం ప్రభుత్వ తనిఖీ అధికారి చెప్పాపెట్టకుండా దిగాడు. మర్నాడు లాబ్ పుస్తకాలు చూస్తానన్నాడు. ముందు నేను తెరిచాను. మూడు నెలల రీడింగులు, ఒకే సిరా, ఒక్క కొట్టివేత లేదు. అంత శుభ్రంగా ఉండటమే నన్ను భయపెట్టింది.

రాసినాయన మా తెలుగాయనే. నాకన్నా పెద్దవారు, గుంటూరులో చదువుకున్న కెమిస్టు. మా పిల్లలు అంకుల్ అనేవారు. అడిగితే గర్వంగానే చెప్పారు. రీడింగులు చిత్తుకాయితాల మీద రాసుకుని, సాయంత్రం పుస్తకంలోకి అందంగా ఎక్కించి, చిత్తు పారేస్తారట. నాకు కోపం కూడా రాలేదు. నన్నూ అలాగే పెంచారు. కొట్టివేత కనిపిస్తే మా లెక్చరర్ రికార్డు విసిరికొట్టేవారు. ఇక్కడి చట్టానికి ఆ చిత్తుకాయితమే అసలు సాక్ష్యం. అది లేకపోతే అంకెలు కల్పించారన్నా కాదనలేం.

ఆ సంగతి చెప్పేసరికి ఆయన ముఖం పాలిపోయింది. గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. ఉద్యోగం పోతే పెట్టె సర్దుకోవలసిందే.

మర్నాడు పొద్దున నాకంటే ముందే వచ్చి నా టేబుల్ మీద ఒక కట్ట పెట్టారు. రాత్రికి రాత్రి నలిపి, కాఫీ మరకలు పెట్టి, మూడు రకాల పెన్నులతో రాసిన చిత్తుకాయితాలు.

"ఇవి చూపించండమ్మా. ఫైల్‌లో మిస్ అయ్యాయని చెప్పండి. ఎవరికీ డౌట్ రాదు."

నిన్నటిదాకా అది అలవాటు, ఇప్పుడు నేరం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం వాటిని వాడుకుందామనే అనుకున్నాను. తర్వాత కట్టను నా బ్యాగులో కుక్కి, ఈ మాట ఇంకెక్కడా అనవద్దని ఆయనకు చెప్పాను.

అధికారి దగ్గరికి నేనే వెళ్ళి, అసలు కాయితాలు పారేశారనీ, ఆ రీడింగుల తాలూకు మాత్రలు బయటికి పోకుండా ఆపామనీ చెప్పాను. ఆయన చాలాసేపు రాసుకున్నాడు. తలెత్తి, ఆ కాయితాలను మళ్ళీ తయారుచేయడానికి ఎవరైనా ప్రయత్నించారా అని అడిగాడు.

"లేదు" అన్నాను. కట్ట ఉన్న బ్యాగును కాలితో కుర్చీ కిందికి నెట్టాను.

మళ్ళీ పరీక్షిస్తే మాత్రలు బాగానే ఉన్నాయి. కెమిస్టుగారిని లాబ్ నుంచి తప్పించి వేరే పనిలో వేశారు. రెండేళ్ళకు కార్డు వచ్చింది. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ కొత్తగా చేరినవాళ్ళకు మొదటి పాఠం నేనే చెప్పేదాన్ని, తనిఖీ అధికారితో అబద్ధమాడకూడదని. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నా చూపు నా బ్యాగు మీదికి పోయేది.