“ఉన్న, అన్నా”

నాచారంలో మూతపడిన ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు మీద మా ఫైర్ స్టేషన్ వాళ్లకు తాడు ట్రైనింగ్ ఇచ్చారు. ఒకరు పైనుంచి తాడు మీద దిగుతుంటే, ఇంకొకరు కింద సేఫ్టీ తాడు పట్టుకోవాలి. ముడులు వేయడంలో, దిగడంలో నేనే ఫస్టు. కానీ తాడు పట్టమని అందరూ బతిమాలేది మాత్రం స్టేషన్లో నా పక్క మంచం వాడినే.

అతనికి ఒకటే అలవాటు. పైనున్న మనిషి కాస్త తడబడితే చాలు, కింది నుంచి నెమ్మదిగా “ఉన్న, అన్నా” అనేవాడు. అంతే. ఇంతోటి దానికి ఇంత పేరా అని నాకు కడుపు మండేది. ఒకరోజు నేనూ అలాగే అని చూశాను. పైవాడు దిగడం ఆపేసి, “నిజంగ ఉన్నవా?” అని అరిచాడు. అందరూ పడీ పడీ నవ్వారు. అతనొక్కడే నవ్వలేదు. అది ఇంకా మంట.

చివరి రోజు వీపుకు ఒక మనిషిని కట్టుకుని దిగాలి. “నీ తాడు ఎవరు పట్టాలె?” అని ట్రైనింగ్ ఇచ్చే సార్ అడిగారు. ఎవరి పేరైనా చెప్పొచ్చు. అతని పేరే చెప్పాను.

అంచున నిలబడితే ఉప్పల్ మెట్రో పట్టాల దాకా కనబడింది. వెనక్కి వాలగానే వీపు మీది బరువుకు కాళ్లు వణికాయి.

“ఉన్న, అన్నా.”

ఒళ్లు మండిపోయింది. కాళ్ల వణుకు మాత్రం ఆగింది.