శ్రీధరన్న ఫోన్‌లో చదివిన కీ

నిన్న పొద్దున ఆఫీస్ పార్కింగ్‌లో కార్ ఆపుతుంటే సుజాత వదిన నంబర్ నుంచి ఫోన్. ఎత్తితే వాళ్ల పెద్దమ్మాయి.

"అంకుల్, నాన్న ఈజ్ గాన్."

తర్వాత ఏం చెప్పిందో నాకు ఎక్కలేదు. 

శ్రీధరన్న లేడు. క్యాన్సర్ అని తెలుసు. ఇంత తొందరగా అనుకోలేదు.

ఇరవై ఏళ్ల కిందట క్యారీ అనే ఊళ్లో మా పై అపార్ట్‌మెంట్ ఆయనది. మా నాలుగిళ్లకీ ఆయన ఇంటర్నెట్టే. బయటివాళ్లు దూరకుండా దానికి కీ పెట్టాడు. అంకెలూ అక్షరాలూ కలిపి ఇరవై ఆరు. మా ల్యాప్‌టాప్‌లలో వైర్‌లెస్ కార్డ్ పెట్టి ఆ కీ కొడితేనే నెట్ వచ్చేది.

అప్పుడు నా జాబ్ పోయింది. హెచ్‌వన్ వీసా స్టేటస్ పోకముందే ఇంకోటి దొరకాలి, లేకపోతే దేశం వదిలి వెళ్లాల్సిందే. ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ ఇచ్చింది, మధ్యాహ్నం రెండులోపు రాయాలి. సరిగ్గా ఆ పొద్దునే నా కార్డ్ చచ్చింది. కొత్తది కొనుక్కొచ్చాను. పైన ఇంటికి తాళం. ఆఫీస్‌లో ఉన్న అన్నకి ఫోన్ చేశాను.

పర్సులోంచి చీటీ తీసి చదివాడు. ఫోన్‌లో బీ, సీ, డీ, ఈ అన్నీ ఒకేలా వినిపిస్తాయని ఊళ్ల పేర్లు చెప్పాడు. అనంతపురం, బాపట్ల, చీరాల, ధర్మవరం, ఏలూరు. ఎఫ్‌కి మాత్రం ఏ ఊరూ దొరక్క ఫలక్‌నుమా.

"ఇంగ్లీష్ స్పెల్లింగ్ రా, మొదటి అక్షరం రాసుకో" అని ముందే చెప్పాడు కూడా.

కొట్టాను. సిగ్నల్ ఫుల్. కనెక్టెడ్ అని చూపిస్తోంది, కీ తప్పు కొట్టినా అప్పట్లో అలాగే చూపించేది. ఒక్క పేజీ రాదు.

చెక్ చేద్దామంటే బాక్స్‌లో కీ అంతా చుక్కలే.

"నువ్వు రాసుకున్నది ఒకసారి చదువు తమ్ముడూ."

"నేను సరిగ్గానే రాశా. నీకు చదవడం రాకపోతే రాదని చెప్పొచ్చుగా."

ఆ మాట అన్నాను, నా నోటితో.

మీటింగ్ వదిలేసి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. తనే కొట్టాడు. రెండు నిమిషాల్లో నెట్ వచ్చింది. అప్పటికి టైమ్ రెండుంపావు. టెస్ట్ క్లోజ్.

"నేనే తప్పు చదివినట్టున్నా రా" అన్నాడు తలుపు దగ్గర నిలబడి.

ఆయన వెళ్లాక నా కాగితం చూసుకున్నాను. ఏలూరు అన్నప్పుడల్లా ఇంగ్లీష్ 'ఈ' రాయాల్సింది, తెలుగులో పలికినట్టే 'ఏ' రాశాను. మూడు చోట్ల.

చెప్పలేదు. సిగ్గేసింది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ నెలలోనే పెట్టెలు సర్దుకుని ఇండియా వెళ్లిపోయాం. మళ్లీ వీసా వచ్చి డాలస్‌లో దిగడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ తన వల్లే పోయాయని అన్న నమ్మాడు. ఎవరింట్లో కలిసినా "నా వల్ల వీడికి..." అని మొదలుపెట్టేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

పోయిన నెల హాస్పిటల్‌కి వెళ్లి చూశాను. మాట సరిగ్గా రావట్లేదు. నా చెయ్యి పట్టుకుని, "అప్పుడు నీకు అన్యాయం చేశా రా. మనసులో పెట్టుకోకు" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా?

"వదిలెయ్ అన్నా, నేనెప్పుడో మర్చిపోయాను."

క్షమించాను. నేను, ఆయన్ని. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

వదినా, ఇది మీకు ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. పిల్లలకి చదివి వినిపించండి. వాళ్ల నాన్న ఆ రోజు ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు.

వెళ్లిరా అన్నా. నా తప్పు మోసింది చాలు. ఇకనైనా ప్రశాంతంగా ఉండు.