రెండో షిఫ్టు బిళ్ళ

గరివిడిలో మా మనవరాలు షీబాను ఏం ఉద్యోగమని అడిగితే, "కార్డును పడుకోబెడతాను" అంటుంది. వేళాకోళం కాదు. హైదరాబాదులో ఒకే యంత్రంలో నాలుగు ఉత్తుత్తి కంప్యూటర్లు కాపురముంటాయి. బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డు మాత్రం నాలుగింటికీ ఒక్కటే. ఎవరికీ పని లేకపోతే అది నిద్రపోయి కరెంటు మిగల్చాలి. ఒక్కరికి పనున్నా మేలుకుని ఉండాలి. ఆ లెక్క చూసే డ్రైవర్ అనే ప్రోగ్రామును షీబా రాస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోను. షీబా మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. ఒక ఆసుపత్రిలో తలకు దెబ్బ తగిలిన పిల్ల ఆపరేషను బల్ల మీద ఉంది. ఆ నాలుగు కంప్యూటర్లలో ఒకదాని మీద డాక్టరు చూస్తున్న స్కాన్ బొమ్మ నల్లబడిపోయింది. కార్డు నిద్రపోయింది. ముందురోజు ప్రోగ్రాము మార్చింది షీబాయే.

షీబా కార్డును లేపింది. నిమిషానికి మళ్ళీ పడుకుంది.

"తాతా, పనిలో ఎవలూ నేరని, లెక్క సున్నా అని సూపిస్తన్నాది! డాక్టరు ఉన్నాడు కదా! నిద్ర మానిపించాలంటే యంత్రమంతా ఆపాల. పది నిమిషాలు!"

ఒకప్పుడు ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రీషియన్‌ని. కరెంటు కొలిమిలో మరమ్మతుకు దిగేవాడు తన పేరున్న రేకుబిళ్ళను కరెంటు మీట దగ్గర తగిలించాలి. బిళ్ళ ఉన్నంతసేపు మీట కదపకూడదు.

"ఆ డాక్టరు ఎప్పుడొచ్చాడే ఇందులోకి?"

"పొద్దున్న. పని నడుస్తుండగానే ఆళ్ళ కంప్యూటర్ని వేరే యంత్రం నుంచి దీన్లోకి మార్చినారు."

"పని తెచ్చుకున్నాడు. బిళ్ళ తెచ్చుకున్నాడేటే? మా ఫ్యాక్టరీ గంగులులాగ..."

"ఇప్పుడు గంగులు కథేటి, తాతా!" అని, అంతలోనే లెక్క తెరిచి చూసింది: ఆ డాక్టరు కంప్యూటర్ పేరున సున్నా.

ఆ కంప్యూటర్ పేరున లెక్కలో ఒకటి చేర్చింది. సున్నా ఒకటయింది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. కార్డు పడుకోలేదు.

నేను గంగుల్ని కొలిమిలోంచి భుజాన మోసుకొచ్చానని, నా మీసం కాలిన వాసన చీపురుపల్లి దాకా పోయిందని పాతికేళ్ళుగా చెప్తున్నాను. ఆ రోజు షీబాకు నిజం చెప్పాను. షిఫ్టు అయిందని నా బిళ్ళ తీసుకుని ఇంటికొచ్చేశాను. రెండో షిఫ్టు గంగులు అంతకుముందే, నా బిళ్ళే చాలనుకుని తన బిళ్ళ తగిలించకుండా దిగాడు. మీట వెయ్యబోయినవాడు కొలిమి గట్టున గంగులు చెప్పులు చూసి చెయ్యి ఆపుకున్నాడు.

షీబా తెర మీద ఆ ఒకటిని మళ్ళీ ఓసారి చూసుకుంది.

సాయంత్రం నాలుగు గంటలకు ఫోను: ఆపరేషను అయింది, పిల్లను వార్డుకు తెచ్చారు.

"ఇంక ఆ ఒకటి తియ్యొచ్చే," అన్నాను.

"నువ్వు తియ్, తాతా."

"నేను తియ్యను. లోపల ఇంకెవరైనా ఉన్నారేమో."

చీకటి పడేదాకా ఆ ఒకటి అలాగే ఉంది.