పెద్దాయన ఇంటి గడప దగ్గర నా బేరం

ఇంగ్లీషు దొరల్నే గడగడలాడించిన ఒక పెద్దాయన ఇంటి ముందు నేను పోగొట్టుకున్న పరువు ఇంతవరకూ దొరకలేదు. అదెలా పోయిందో చెప్తాను. నవ్వుకోండి, కానీ మార్కాపురంలో మా దుకాణానికి వచ్చి మాత్రం నవ్వకండి.

మాది బిందెలు, గిన్నెల కొట్టు. కొనేవాడు అలిగినట్టు వెనక్కి తిరుగుతాడు, గడప దాటేలోగా మా నాయన రేటు తగ్గించి పిలుస్తాడు. లోకమంతా ఇలాగే నడుస్తుందని పెళ్లయ్యేదాకా, నిజానికి పెళ్లయ్యాక కూడా, నమ్మాను.

మా ఆవిడ శైలజకు కొనకనమిట్లలో అవ్వ ఉంది. అవ్వ చంటిపిల్లగా ఉన్నప్పుడే వాళ్ల నాయన ఆ పెద్దాయనతో పాటు జైలుకు పోయి, అక్కడే చనిపోయాడు. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. గిద్దలూరు వైపు పెద్దాయన ఉన్న పాత మిద్దెను మ్యూజియం చేశారనీ, మేడ మీద ఆయనతో జైలుకు పోయినవాళ్లందరి ఫొటో ఉందనీ ఎవరో చెప్పారు. "మా నాయన మొగం ఒక్కసారి చూపీ అల్లుడా" అని అవ్వ ఏడాదిగా అడుగుతోంది.

ఒక ఆదివారం ముగ్గురం బస్సు దిగాం. అవ్వను మ్యూజియం వసారాలో బల్ల మీద కూర్చోబెట్టి నేను టికెట్ కిటికీ దగ్గరికి కదనరంగానికి వెళ్లినట్టు వెళ్లాను.

"తలకు ఇరవై," అన్నాడు లోపలాయన.

"ఇరవయ్యా! లోపల ఏముందన్నా?"

"పెద్దాయన మంచం, కుర్చీ, రాట్నం, కళ్లద్దాలు."

"అన్నీ పాతవే కదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మ్యూజియం అన్నా ఇది."

"మంచం మీద పండుకోనిస్తారా?"

"లే."

"కుర్చీలో కూర్చోనిస్తారా?"

"లే!"

"వట్టిగా చూసేదానికే ఇరవయ్యా? మా కొట్లో బిందెను పొద్దస్తమానం చూసినా పైసా అడగం."

శైలజ నా చొక్కా లాగింది. "ఏందయ్యా ఇది? ఇచ్చి రా."

"నువ్వుండు. అన్నా, మాకు మేడ మీది ఫొటో ఒక్కటే కావాల. కింది గదులు చూడం. ఆ మేరకు తగ్గించు."

"కింద చూడకుండా పైకెట్ల పోతావన్నా?"

"కళ్లు మూసుకొని పోతాం."

"రేటు నా చేతుల్లో లేదు," అన్నాడాయన. కొట్టు తనదే అయినా మా నాయన చెప్పే మాట ఇదే! ఇంకేం, లొంగుబాటుకు వచ్చాడనుకున్నాను. "పదవే, పోదాం," అని శైలజ చెయ్యి పట్టుకుని గేటు దాటాను.

ఎవరూ పిలవలేదు. నడక తగ్గించాను. చెప్పులో రాయి పడ్డట్టు ఆగి దులిపాను. పిలవలేదు. చెరకురసం బండి దాకా వెళ్లి, తాగుతూ గేటు వైపు చూశాను. కాకి కూడా నన్ను పిలిచే ఉద్దేశంలో లేదు.

"ఆదివారం ఒక పూటే అంట. మూసేస్తారు," అంది శైలజ. "ఇంత దూరం తెచ్చి, ఆమెకు వాళ్ల నాయన్ను చూపీకుండా తీసకపోతావా?"

"అవ్వ అక్కడే ఉంది కదా, వాడు పిలవక ఎక్కడికి పోతాడు?" అన్నాను. అనగానే నాకే చెమట పట్టింది. సామాను కొట్లోనే వదిలేసి అలిగి వెళ్లిపోయిన బేరగాణ్ని మీరెక్కడైనా చూశారా?

జేబులో నోట్లు తీసి వెనక్కి పరుగెత్తబోతుండగా వినపడింది: "అన్నా! ఓ చెరకురసం అన్నా!"

ప్రాణం లేచొచ్చింది. నోట్లు దాచేసి, మెల్లగా, జమీందారులా తిరిగాను. "ఊ, ఎంతకిస్తావ్?"

"ఇచ్చేదేంది! మీ అవ్వను తీసకపో, తలుపులేయాల!"

గేటు దగ్గరికి పరుగెత్తేసరికి, లోపల మెట్ల మీంచి అవ్వ దిగుతోంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ముఖం నిండా వెలుగుతో.

"టికెట్ లేకుండా పోయినావా అవ్వా?"

"ముసలోళ్లకు టికెట్ లేదంట రా. ఆ అబ్బి చెయ్యి పట్టుకొని మరీ ఎక్కిచ్చినాడు." కిటికీ పైన, సరిగ్గా నా నెత్తి మీద, గిన్నె మూతంత అక్షరాలతో ఆ సంగతే రాసి ఉంది. నేను రేటు తప్ప ఇంకేమీ చదవలేదు.

"చూసినావా అవ్వా?" అడిగింది శైలజ.

"చూసినాలేమ్మా. ఫొటో కింద పేరు చదివి ఆ అబ్బే చూపిచ్చినాడు. ఈ చెవులు మా నాయనవే." చెవులు తడుముకుని, నా వైపు తిరిగింది. "నీ బేరమంతా వసారా దాకా వినపడింది అల్లుడా. ఇదంతా ఆ కాలంలోనే విని ఉంటే, ఇట్లాంటోళ్లకా స్వతంత్రం తెచ్చేదని, మా నాయన జైలు గేటు కాడి నుంచే తిరిగొచ్చేటోడు!"

టికెట్టాయన నవ్వు ఆపుకోలేక తాళం జారవిడిచాడు.

ఆ గేటు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: దేశం కోసం జైలుకు పోయినవాళ్ల గడప దగ్గర ఇక జన్మలో బేరమాడను. చెరకురసం బండివాడు పక్కనే ఉండి విన్నాడు. వాడికి ఈ ఒట్టు వర్తించదని అప్పుడే చెప్పేశాను.